బొమ్మలో నిలబడిన మనిషి

విజయవాడ వన్‌టౌన్‌లోని వస్త్రలతకు సూరత్ నుంచి దిగే చీరల కట్టల్లో ఒక్కో కవరు మీద ఒక్కో ఫొటో ఉంటుంది. ఆ చీరే కట్టుకుని, కొంగు చాచి, అంచు స్పష్టంగా కనబడేలా నిలబడిన అమ్మాయి ఫొటో. సరుకు కొనడానికి వచ్చిన చిల్లర వర్తకులు ముందు చూసేది దాన్నే. మడత విప్పి గుడ్డ తడిమేది ఆ తర్వాత. గుడివాడలోనో అవనిగడ్డలోనో ఆ చీర కొనే ఇల్లాలి చూపూ ముందు అక్కడికే పోతుంది. బందరు రోడ్డు పొడుగునా ఉన్న నగల దుకాణాల హోర్డింగులు, బీసెంట్ రోడ్డు రెడీమేడ్ షాపుల అద్దాలకు అంటించిన నిలువెత్తు పోస్టర్లు, పెళ్లికూతురి మేకప్ చేసేవాళ్ల ఇన్‌స్టాగ్రామ్ పేజీలు, ఇవన్నీ ఎవరో ఒక మనిషి శరీరం ఆధారంగానే నడుస్తున్నాయి. చీర వెల మనకు తెలుసు, మిల్లు పేరు తెలుసు, దుకాణం పేరు తెలుసు. నిలబడిన మనిషి పేరు మాత్రం ఎవరూ అడగరు. అడగాలన్నదే నా వాదన. బొమ్మను తయారుచేసేది కెమెరా పట్టినవాడో కుంచె పట్టినవాడో మాత్రమే కాదు. దాని ముందు నిలబడిన మనిషి కూడా ఆ తయారీలో భాగస్వామి. ఆ భాగానికి పేరు, కూలి, సమ్మతి అనే మూడూ దక్కాలి. ఈ మూడూ దక్కని చోట మోడలింగ్ వృత్తి కాలేదు. అందువల్ల నష్టపోయేది మోడల్ ఒక్కరే కూడా కాదు.

ముందు ఆ పని ఏమిటో చూడాలి. కేటలాగ్ షూట్ అంటే పొద్దుటి నుంచి రాత్రి దాకా ఒక చీర విప్పి ఇంకొకటి కట్టడం. జాకెట్టు వదులైతే వెనక క్లిప్పులు పెడతారు, కుచ్చిళ్లు పిన్నులతో బిగిస్తారు. ముందు నుంచి చూస్తే ఏదీ తెలియకూడదు. బరువంతా ఒక కాలి మీద వేసి, నడుము కొద్దిగా తిప్పి, గడ్డం ఎంత ఎత్తితే మెడ కింద నీడ పడదో అంతే ఎత్తి, ఊపిరి బిగపట్టి నిలబడాలి. కంచిపట్టు ఎలా నిలుస్తుందో మంగళగిరి నూలు చీర అలా నిలవదు. పెడన కలంకారీ రంగులు ఏ వెలుగులో తేలిపోతాయో, ఏ మడతలో బొమ్మ తెగిపోతుందో పని తెలిసిన మోడల్‌కు తెలుసు, ఫొటోగ్రాఫర్ చెప్పకముందే ఆమె చెయ్యి అక్కడికి పోతుంది. బందరు పక్కన చిలకలపూడిలో తయారయ్యే రోల్డ్‌గోల్డు నగల సంగతి మరీ సున్నితమైనది. అక్కడ ముఖం కూడా అక్కర్లేదు. చెవి, మెడ, మణికట్టు చాలు. కానీ ఆ మెడ నరం బిగుసుకోకుండా, ఆ వేళ్లు వణక్కుండా, లైట్ల వేడికి చెమట పట్టకుండా ఎంతసేపు ఉండగలిగితే నగ మీద మెరుపు అంత నికరంగా వస్తుంది. ఇక చిత్రకళాశాలలో లైఫ్ క్లాసు వేరే రకం కష్టం. పాదాల చుట్టూ సుద్దతో గీత గీస్తారు. విరామం తర్వాత మళ్లీ అదే గీతలో, అదే వంపుతో, అదే చూపుతో నిలబడాలి. మధ్యలో తిమ్మిరెక్కినా కదిలితే క్లాసులో అందరి బొమ్మా చెడుతుంది.

దీనికి ఎదురుగా వచ్చే మొదటి మాట అందం పుట్టుకతో వచ్చిందనేది. ఒకరికి దేవుడిచ్చిన రూపానికి కూలి ఏమిటి, అది నేర్చుకున్న విద్య కాదు కదా అంటారు. ఈ మాటకు జవాబు కృష్ణా జిల్లాలోనే ఉంది. మొవ్వ మండలం కూచిపూడిలో తరతరాలుగా మగవాళ్లే ఆడవేషాలు కట్టారు. వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామగా రంగం మీదికి వస్తే ఆయన మగవాడన్న సంగతి ప్రేక్షకులు మరిచిపోయేవారు. 1970లో పద్మశ్రీ అందుకున్నది ఆ విద్యకే. పుట్టుకతో వచ్చిన రూపమే సర్వస్వమైతే అది సాధ్యమయ్యేది కాదు. జడ ముందుకు వేసుకునే తీరులో, మెడ విరుపులో, కంటి కొసలో ఏళ్ల తరబడి చేసిన సాధన ఉంది. చూసేవాడి కంటికి ఏది ఎలా కనబడుతుందో శరీరంతోనే లెక్కగట్టగలగడం అది. మోడల్ చేసే పనిలో ఉన్నదీ ఈ లెక్కే, కాకపోతే నాట్యంలో కదలికలో ఉండే లెక్క ఇక్కడ నిశ్చలతలో ఉంటుంది. రూపం పనిలో ప్రవేశానికి సాయపడుతుంది, నిజమే. మంచి గొంతు పాటగాడికీ అలాగే సాయపడుతుంది. అయినా గొంతు దేవుడిచ్చాడని పాటగాడికి సంభావన మానేయం. కూచిపూడిలో శరీర విద్యను కళగా గుర్తించి, దాన్ని సాధించినవాళ్ల పేర్లు తరాలుగా గుర్తుంచుకున్న నేల ఇది. ఆ గుర్తింపును స్టూడియోలో నిలబడినవాళ్ల దాకా పొడిగించడం మన సంప్రదాయానికి కొత్తేమీ కాదు.

రెండో అభ్యంతరం కళాకారుల వైపు నుంచి వస్తుంది. నిజమైన చిత్రకారుడికి మోడల్ అవసరం లేదు, బొమ్మ మనసులోంచి రావాలి అంటారు. ఆధునిక తెలుగు చిత్రకళ తొలినాళ్లలో ఈ చర్చ రెండు ఊళ్ల రూపంలో నడిచింది. 1910లో మొదలైన బందరు ఆంధ్ర జాతీయ కళాశాలకు బెంగాల్ నుంచి ప్రమోదకుమార చటోపాధ్యాయ వచ్చి చిత్రలేఖనం నేర్పారు. అడివి బాపిరాజు ఆయన శిష్యుడు. అవనీంద్రనాథ్ ఠాకూర్ బాటలో నడిచిన ఆ వర్గం ఎదుట మనిషిని పెట్టుకుని నకలు గీయడం పాశ్చాత్యుల పద్ధతి అనుకుంది. భావన, ధ్యానం, పురాణ స్మృతి దాని పునాదులు. రాజమండ్రి దామెర్ల రామారావు దారి వేరు. ఆయన బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదివారు. 1919 ప్రాంతంలో ఆ స్కూల్లో గ్లాడ్‌స్టన్ సోలమన్ సజీవ నమూనాలతో లైఫ్ క్లాసు ప్రవేశపెట్టాడు. దామెర్ల 1925లో, మూడు పదులైనా నిండకముందే మశూచితో పోయారు. ఆయన వదిలివెళ్లిన బొమ్మల్లో నగ్నదేహ అధ్యయనాలున్నాయి. ‘సిద్ధార్థ రాగోదయం’ లాంటి చిత్రాల్లో దేహాలు అంత సహజంగా ఒరిగి, వాలి, కూర్చుని ఉండటం వెనక మనిషి ఒంటిని శ్రద్ధగా చూసిన చదువుంది. బందరు దారిని నేను తక్కువ చేయను. అది మనకు గొప్ప బొమ్మలిచ్చింది. అయితే మనసులోంచి వచ్చిన బొమ్మ కూడా ఒకప్పుడు కంటితో చూసిన మనుషుల నుంచే మనసులోకి చేరింది. రేవులో నీళ్లు ముంచే ఆడవాళ్లను, ఊడ్పుల్లో వంగిన నడుములను చూడని చిత్రకారుడు డెల్టాలో ఎవరున్నారు? లైఫ్ క్లాసు చేసిందల్లా ఆ అప్పును ఒప్పుకుని, ఎదుట నిలబడిన మనిషికి కూలి ఇవ్వడం. తెలియకుండా తీసుకోవడం కంటే అడిగి, ఇచ్చి తీసుకోవడం మర్యాద.

కూలి దొరికింది గాని మర్యాద అంత త్వరగా దొరకలేదు. కళాశాలల్లో నమూనాలుగా కూర్చునేవాళ్లలో పేద ఇళ్ల ఆడవాళ్లు ఎక్కువ. ఏం పని చేస్తున్నారో ఇంట్లో చెప్పుకోలేని బతుకు. జె.జె. స్కూల్ నేపథ్యంగా ఇలాంటి మోడల్ కథ చెప్పిన మరాఠీ చిత్రం ‘న్యూడ్’ను 2017 గోవా అంతర్జాతీయ చిత్రోత్సవం భారతీయ విభాగం నుంచి తప్పించారు. అది థియేటర్లకు వచ్చింది మరుసటి ఏడాది. ప్యారిస్‌లో కూడా చాలాకాలం ఇదే పరిస్థితి. ఫ్రెంచి చిత్రకారుడు మానే 1863లో గీసిన ‘ఒలింపియా’ను ప్రపంచమంతా ఎరుగును. అందులో ఉన్న విక్టోరిన్ మురాన్ స్వయంగా చిత్రకారిణి అనీ, ఆమె బొమ్మలు ప్యారిస్ సలాన్ ప్రదర్శనకు ఎంపికయ్యాయనీ ఎరిగినవాళ్లు తక్కువ. గీసినవాడి పేరు గోడకెక్కుతుంది, కొన్నవాడి పేరు దస్తావేజుకెక్కుతుంది, కూర్చున్నామె పేరు గాలికి పోతుంది. ఆమె సిగ్గుపడాల్సిన పని చేసిందన్న మన నమ్మకమే దీనికి కారణం. బొమ్మను చూసి మెచ్చుకుంటూ, ఆ బొమ్మకు కారణమైన మనిషిని తప్పుపట్టడం న్యాయం కాదు. బొమ్మ గౌరవప్రదమైతే దానికోసం నిలబడటమూ గౌరవప్రదమే.

మన ప్రాంతంలో ఈ వృత్తి ఎదగకపోవడానికి సినిమా ప్రధాన కారణం. నిమ్మకూరు రైతుబిడ్డ నందమూరి తారక రామారావు 1957లో ‘మాయాబజార్’లో కృష్ణుడుగా కనిపించాక తెలుగువాళ్ల మనసులో కృష్ణుడికి ఆ ముఖమే స్థిరపడింది. ఆ వేషంలో ఉన్న ఫొటోలు క్యాలెండర్లెక్కి పూజగదుల్లోకి వెళ్లాయి. ఒక మనిషి నిలబడిన తీరు, నవ్విన తీరు దేవుడి రూపాన్నే తీర్చిదిద్దగలవనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? అక్కడి నుంచి మన వ్యాపారం నేర్చుకున్న పాఠం మాత్రం ఒకటే: తార ముఖం ఉంటేనే సరుకు కదులుతుంది. 2017లో తెలంగాణ చేనేతకు ప్రచారకర్తగా సమంత వచ్చారు. అలాంటి ప్రచారం వల్ల నేతకు మేలు జరిగితే సంతోషమే. కానీ తారకు ఇచ్చేది పేరుకు, మోడల్‌కు ఇవ్వాల్సింది పనికి. డబ్బంతా మొదటిదానికి పోయాక రెండోదానికి చిల్లర మిగులుతుంది. విజయవాడలో ఇప్పుడు ఎక్కువగా కనిపించేది ‘కొలాబ్’ పద్ధతి. మేకప్ చేసేవాళ్లకు పని చూపించుకోవడానికి ముఖం కావాలి, ఫొటోగ్రాఫర్‌కు పేజీ నింపుకోవడానికి ఫొటో కావాలి, అమ్మాయికి పోర్ట్‌ఫోలియో కావాలి. భవానీ ద్వీపంలోనో ఉండవల్లి గుహల దగ్గరో రోజంతా తీసిన ఫొటోలకు పైకం చేతులు మారదు. ముగ్గురూ సమానమైన కొత్తవాళ్లయితే ఇందులో తప్పులేదు. కానీ ఆ ఫొటోతో తర్వాత మేకప్ ఆర్టిస్టుకు పెళ్లి ఆర్డర్లు వస్తాయి, బట్టలిచ్చిన బొటీక్‌కు అమ్మకాలు వస్తాయి. నిలబడిన అమ్మాయికి మరో కొలాబ్ వస్తుంది. లాభం వచ్చినచోట పంచకపోతే దాన్ని సహకారం అనలేం.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం స్త్రీవాదులది. మోడలింగ్ ఆడదాన్ని సరుకు చేస్తుంది, తెల్లతోలును, సన్ననడుమును ఆదర్శంగా నిలిపి ఇంట్లో ఉన్న ఆడపిల్లలను కుంగదీస్తుంది, అలాంటి వృత్తిని నిలబెట్టడం దేనికి అంటారు. 2025 మేలో హైదరాబాద్‌లో మిస్ వరల్డ్ పోటీలు జరిగినప్పుడు మహిళా సంఘాలు అడిగినదీ ఇదే. ఈ విమర్శలో చెప్పిన హాని నిజం. దానికి డెల్టా బిడ్డలే సాక్ష్యం. విజయవాడ మూలాలున్న కుటుంబంలో పుట్టి, పసితనంలో కొంతకాలం ఇక్కడే పెరిగిన నీనా దావులూరి 2013 సెప్టెంబరులో మిస్ అమెరికా కిరీటం గెలిచారు. అమెరికాలో కొందరు ఆమె జాతిని తిట్టిపోశారు. ఇక్కడేమో ఇంత చామనఛాయ పిల్ల మన దేశపు పోటీల్లో నెగ్గేదా అన్న చర్చ నడిచింది. అదే ఏడాది తెనాలిలో పుట్టిన శోభిత ధూళిపాళ మిస్ ఇండియా ఎర్త్ అయ్యారు. తొలిరోజుల్లో ప్రకటనల ఆడిషన్లలో రంగు చాల్లేదని ముఖం మీదే చెప్పారని ఆమె తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పారు. గమనించాల్సింది ఆ తర్వాత జరిగినది. నీనా రంగు వివక్షనే తన ప్రచారాంశం చేసుకుని తెల్లబరిచే క్రీముల కంపెనీలను నిలదీశారు. 2020లో హిందుస్థాన్ యూనిలీవర్ తన క్రీము పేరులోంచి ‘ఫెయిర్’ తీసేసింది. ఎన్నో గొంతులు కలిస్తే వచ్చిన మార్పు అది. ఆ గొంతుల్లో బొమ్మలో నిలబడిన మనిషి గొంతు ఉండటం వల్ల బలం పెరిగింది. అబద్ధపు అందాన్ని ఎంచేది మోడల్ కాదు, డబ్బు పెట్టేవాడు. కాదనే శక్తి మోడల్‌కు లేనంతకాలం అతని ఎంపికకు అడ్డే లేదు. వృత్తికి గౌరవం, భద్రత వస్తేనే ‘ఈ ఫొటోలో నా రంగు మార్చొద్దు, ఈ క్రీముకు నేను నిలబడను’ అనే ధైర్యం వస్తుంది. 2017లో ఫ్రాన్స్ మోడళ్లకు వైద్య ధ్రువపత్రం తప్పనిసరి చేసి, ఒంటి కొలతలు మార్చిన వాణిజ్య ఫొటోల మీద ఆ సంగతి రాయాలంది. వృత్తిని చట్టం కిందికి తెచ్చాకే అది చేయగలిగింది.

మన చట్టం ఎక్కడుంది? 1957 కాపీరైట్ చట్టం ‘ప్రదర్శకులు’ ఎవరో చెబుతూ నటులను, గాయకులను, వాద్యకారులను, నర్తకులను, గారడీవాళ్లను, పాములాడించేవాళ్లను, ఉపన్యాసాలిచ్చేవాళ్లను పేరుపేరునా లెక్కపెట్టింది. మోడల్ పేరు ఆ వరసలో లేదు. ప్రదర్శన ఇచ్చే మరెవరైనా అన్న చివరి మాటను పట్టుకుని లాయరు వాదించవచ్చు గాని, చీర కవరు మీది అమ్మాయికి ఆ లాయరును పెట్టుకునే స్తోమతు ఎక్కడిది? డబ్బిచ్చి ఫొటో తీయించుకున్నవాడే, వేరే ఒప్పందం లేకపోతే, దానికి తొలి హక్కుదారు. ఫొటోలో ఉన్నామెకు ఆ హక్కులో వాటా లేదు. పెద్ద పేరున్నవాళ్లు కోర్టులకు వెళ్లగలరు. రామాపురం అక్కినేని వారి వారసుడు నాగార్జున తన పేరు, రూపం అనుమతి లేకుండా వాడకూడదని 2025లో ఢిల్లీ హైకోర్టు నుంచి ఉత్తర్వులు తెచ్చుకున్నారు. రూపం మీద మనిషికి హక్కుంటే అది తారలకే పరిమితం కావడానికి వీల్లేదు. పని చోట లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టం మాత్రం మోడల్‌కు ఇప్పటికే ఆసరా. రోజుకూలికి వచ్చినా, ఒక్కపూట పనికి వచ్చినా అది వర్తిస్తుంది. పదిమంది కూడా లేని స్టూడియో మీద జిల్లాస్థాయి స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. విజయవాడలో కెమెరా ముందుకు వచ్చే ప్రతి అమ్మాయికీ, అబ్బాయికీ ఈ సంగతి తొలిరోజే చెప్పాలి.

ఇంత వాదించాక, ఇక ఆ మనిషే అక్కర్లేదు అనే మాట ఎదురవుతోంది. చీరను నేల మీద పరిచి ఫోన్‌లో ఫొటో తీస్తే చాలు, కృత్రిమ మేధ దాన్ని ఎక్కడా లేని అమ్మాయికి కట్టి చూపిస్తుంది. 2025లో ‘వోగ్’ పత్రికలో గెస్ కంపెనీ ప్రకటనలో కనిపించిన మోడల్ అలా పుట్టినదే. పెడనలోనో మంగళగిరిలోనో ఉన్న చిన్న నేతకారుడు స్టూడియో ఖర్చు భరించలేక దీన్ని వాడుకుంటే నేను అతన్ని తప్పుపట్టను. అతని కష్టం అలాంటిది. కానీ అతనికే జరిగే నష్టం ఒకటుంది. చేనేతను కొనేవాళ్లు కొనేది దాని బరువు, దాని జారుడు, ఒంటి మీద పడిన మడత. యంత్రం అల్లిన బొమ్మలో గుడ్డ ఎప్పుడూ ఎవరి ఒంటినీ తాకలేదు. అందులో మరమగ్గం చీరకూ చేనేత చీరకూ తేడా చెరిగిపోతుంది, తన సరుకు గొప్పతనాన్ని అతనే చేజేతులా దాచుకున్నట్టవుతుంది. పైగా ఆ లేని ముఖం ఆకాశం నుంచి ఊడిపడలేదు. పేరు అడగకుండా, పైసా ఇవ్వకుండా పోగేసిన వేలాది నిజమైన మనుషుల ఫొటోల నుంచి యంత్రం అది నేర్చుకుంది. ఇలా తప్ప మరోలా కుదరదనీ లేదు. హెచ్ అండ్ ఎం కంపెనీ 2025లో మోడళ్ల డిజిటల్ ప్రతిరూపాలు చేయిస్తూ వాటి మీద హక్కు మోడళ్లదేనని ప్రకటించింది. అదే ఏడాది జూన్‌లో అమల్లోకి వచ్చిన న్యూయార్క్ ఫ్యాషన్ కార్మికుల చట్టం రాతపూర్వక సమ్మతి లేకుండా మోడల్ ప్రతిరూపం తయారు చేయకూడదంది. యంత్రం వచ్చినంత మాత్రాన మనిషి సమ్మతి అనవసరమైపోదు. మునుపటి కంటే ఎక్కువ అవసరమైంది.

ఇవన్నీ ఢిల్లీలో చట్టం మారేదాకా ఆగాల్సిన పనులు కావు. విజయవాడ దుకాణాలు, చిలకలపూడి నగల తయారీదార్లు, ఆప్కో లాంటి సహకార సంస్థలు, బొమ్మలు నేర్పే కళాశాలలు రేపే మొదలుపెట్టగలవు. తెలుగులో ఒక కాగితం చాలు. ఈ ఫొటో ఎక్కడ వాడతాం, ఎంతకాలం వాడతాం, యంత్రానికి మేతగా వేస్తామా లేదా, ఎంత ఇస్తాం అని అందులో ఉండాలి. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలైతే తల్లిదండ్రుల సంతకం, వాళ్లు పక్కన ఉండటం తప్పనిసరి చేయాలి. మోడల్ వద్దనకపోతే ఫొటో కింద ఫొటోగ్రాఫర్ పేరుతో పాటు ఆమె పేరూ వేయాలి. పేరు వేయడం వల్ల దుకాణదారుడికి ఖర్చేమీ లేదు. కృష్ణ ఒడ్డున అమరావతి స్తూపానికి పలక సమర్పించినవాళ్ల పేర్లు బ్రాహ్మీ లిపిలో చెక్కి ఉన్నాయి. వాళ్లలో శ్రేష్ఠులే కాదు, పూర్ణఘటం చెక్కించిన విధికుడనే చర్మకారుడు కూడా ఉన్నాడు. ఇచ్చినవాడు ఏ పని చేసేవాడైనా ఇచ్చినది ఇచ్చినట్టు రాయి మీద రాయడం రెండువేల ఏళ్ల నాటి ఈ నేల మర్యాద. మోడల్ ఇచ్చేది తన కాలాన్ని, తన ఒంటి ఓపికను, తన ముఖాన్ని. దాంతో మనం చీరలు అమ్ముకుంటున్నాం, నగలు అమ్ముకుంటున్నాం, బొమ్మలు నేర్చుకుంటున్నాం. తీసుకున్నది ఇంత స్పష్టంగా కళ్లముందు ఉన్నప్పుడు, ఇచ్చినవాళ్ల పేరు రాసి, అడిగి, లెక్కగట్టి చెల్లించడం దయ కాదు, బాకీ తీర్చడం.